ఏ తూటా మంచిదని కాదు, అది ఎక్కడ ఆగుద్దో అడగండి

పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఈమధ్య మన ఊళ్లల్లో నలుగురు ఎక్కడ కలిసినా ఒకటే చర్చ. పందులకి ఏ తూటా పనిచేస్తుంది, పిట్టలకి ఏ పెల్లెట్ కొనాలి, పాయింట్ 22 సరిపోద్దా, పన్నెండు బోరే కావాలా. కుర్రాళ్లేమో ఫోన్లో అమెరికా వాళ్ల వీడియోలు చూసి ఈ పెల్లెట్ ఇంత లోతు దిగింది, ఆ తూటా అంత దూరం పోయింది అని లెక్కలు చెప్తున్నారు. పెద్దాళ్లేమో ప్రభుత్వం ప్రతి రైతుకీ ఒక తుపాకి ఇస్తే పందుల గోల ఒక్క సీజన్లో వదులుద్ది అంటున్నారు.

నా మాట ముందే సూటిగా చెప్తా. కాగితం మీద గురి చూసుకోవడానికి మంచి తూటా ఉంది. అదేదో కింద వివరంగా రాశాను. కానీ మన డెల్టా పొలాల్లో పిట్ట మీదకో పంది మీదకో ఎవడికి వాడు పేల్చుకోవడానికి మంచి తూటా లేదు. ఎంత ఖరీదు పెట్టినా దొరకదు. ఎందుకు లేదో చట్టం తర్వాత చెప్పుద్ది, ముందు మన నేలే చెప్తోంది.

ఇంటర్ చదివే రోజుల్లో నేను ఎన్‌సీసీలో పాయింట్ 22 రైఫిలు పట్టుకున్నవాణ్ణి. అక్కడ మాకు ముందు చూపించింది రైఫిలు కాదు, టార్గెట్ వెనకాల ఉన్న పెద్ద మట్టి దిబ్బ. పాతిక గజాల్లో కాగితం, దాని వెనక మనిషికి రెండింతల ఎత్తున మట్టి. ఆ దిబ్బ లేకపోతే రైఫిలు పెట్టె తెరవరు. గురి తప్పినా, కాగితం చిరిగినా, ప్రతి తూటా చచ్చినట్టు ఆ మట్టిలోనే ఆగాలి. తూటా గురించి తెలుసుకోవాల్సిన మొదటి సంగతి అదే.

ఇప్పుడు మన నేల చూడండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర్నుంచి సముద్రం దాకా పళ్లెంలో పోసిన నీళ్లలా సాపుగా ఉంటుంది. కొండలన్నీ బెజవాడ దగ్గరే ఆగిపోయాయి. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ, ఎటు పోయినా తూటాని ఆపే ఎత్తు ఎక్కడుంది? మహా అయితే కాలువ గట్టు. ఆ గట్టు మీద బళ్లు పోతుంటాయి, గేదెలు తోలుకొచ్చేవాళ్లు ఉంటారు, పొద్దున్నే నడక కోసం వచ్చే ముసలాళ్లు ఉంటారు.

పాయింట్ 22 తూటా అంటే చాలామందికి చులకన. బరువు 2.6 గ్రాములు, చిటికెన వేలి గోరంత సీసం ముక్క. కానీ అది మైలు దూరం దాటి పోగలదని తూటాల పెట్టెల మీదే హెచ్చరిక అచ్చేస్తారు. పందుల కోసం అడుగుతున్న పెద్ద రైఫిళ్లయితే మూడు కిలోమీటర్లు కూడా దాటతాయి. మన దగ్గర ఊరికీ ఊరికీ మధ్య దూరం ఎంత? రెండు కిలోమీటర్లు, మూడు కిలోమీటర్లు. అంటే మీ చేలో పందికి తప్పిన తూటా పక్క ఊరి పెరట్లో పడొచ్చు.

ఇంకో సంగతి. మన చేలల్లో ఎప్పుడూ నీళ్లే. తక్కువ వాలుతో వచ్చిన తూటా నీళ్లకి తగిలితే మునగదు, పైకి లేచి పోద్ది. చిన్నప్పుడు చెరువులో పెంకు విసిరి కప్పగంతులు వేయించలేదా, అచ్చం అట్టాగే. పాయింట్ 22 తూటా మెత్తని సీసం, గుండ్రటి ముక్కు. నీళ్ల మీద లేచిపోవడంలో దానికి పెట్టింది పేరు. అట్టా లేచింది ఏ దిక్కు పోద్దో పేల్చినవాడికి కూడా తెలీదు.

నాట్ల రోజుల్లో మన చేలల్లో ఆడకూలీలు వరసగా నడుం వంచి ఉంటారు. పచ్చటి చేలో దూరం నుంచి చూస్తే ఒక్క మనిషి కూడా కనపడదు. వరి మాగాణిలో మినుము పీకే రోజుల్లో ఇంకా ఘోరం. మంచు తడి ఆరితే కాయ చిట్లుద్దని తెల్లారకముందే కూలీలు చేలో దిగుతారు. పందులు చేలోంచి బయటికి పోయే వేళా అదే, తుపాకి పట్టుకున్నవాడు ఎదురుచూసే వేళా అదే. చీకట్లో కదిలింది పందో, వంగున్న మనిషో ఎట్టా తెలుస్తుంది?

ఇక తూటాల రకాల సంగతి. తెలియకుండా మాట్లాడుతున్నాననుకునేవాళ్ల కోసం రాస్తున్నా.

ఎయిర్‌గన్‌తో మొదలుపెడదాం. మన దగ్గర లైసెన్సు లేకుండా దొరికేది 0.177 బోరు, అంటే 4.5 మిల్లీమీటర్లది, బలం 20 జౌళ్లు దాటనిది. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బోరు గానీ బలం గానీ అంతకు మించితే లైసెన్సు కావాలి. ఈ తుపాకిలో వేసే పెల్లెట్ బరువు అర గ్రాము, అటూ ఇటుగా. ముక్కుని బట్టి రకాలు: చదును ముక్కుది, గుండ్రటి ముక్కుది, కోసు ముక్కుది, ముక్కులో గుంట ఉన్నది.

కాగితం మీద గురికి చదును ముక్కు పెల్లెట్టే సరైంది. కాగితాన్ని చింపకుండా పంచి కొట్టినట్టు గుండ్రంగా బెజ్జం చేస్తుంది. పాయింట్లు లెక్కపెట్టడానికి తేలిక. 10 మీటర్ల పోటీలన్నిట్లో అదే వాడతారు. మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిలులోనే. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క ఎంతుంటుందో తెలుసా? అర మిల్లీమీటరు. పెన్ను ముల్లుతో పెట్టిన చుక్కంత. అక్కడ గెలిపించేది పెల్లెట్ బలం కాదు. ఒక పెల్లెట్‌కీ ఇంకో పెల్లెట్‌కీ బరువులో, కొలతలో తేడా లేకపోవడం.

పాయింట్ 22 లోనూ అంతే. ధ్వని వేగం దాటి పోయే తూటా దారిలో మళ్లీ ఆ వేగం కిందకి దిగేటప్పుడు కుదుపుకి లోనై గురి చెదురుద్ది. అందుకే 50 మీటర్ల పోటీవాళ్లు ఎక్కువ వేగం తూటా కొనరు. ధ్వని వేగానికి తక్కువగా, సెకనుకి 330 మీటర్ల లోపు పోయేది ఏరుకుంటారు. అదీ ఒకే బ్యాచ్‌వి. పది బ్యాచ్‌లు తమ రైఫిలులో వేసి చూసి, ఏది ఒకే బెజ్జంలో పడుతుందో అది పట్టుకెళ్తారు. మనం విత్తనం కొనేటప్పుడు లాట్ నంబరు చూసుకోమా, అట్టాగే.

కాబట్టి మీ పిల్లాడికి నిజంగా షూటింగ్ మీద ఇష్టం ఉంటే, ఏ పెల్లెట్ బలమైంది అని అడగనివ్వకండి. నాలుగు రకాల చదును ముక్కు పెల్లెట్లు తెచ్చి, తుపాకిని ఇసక మూట మీద ఆనించి, ఒక్కో రకం అయిదేసి పేల్చి చూడమనండి. ఏది దగ్గరదగ్గరగా పడితే అదే ఆ తుపాకికి సరైంది. ఖరీదుతో పనిలేదు. వెనకాల ఇసక నింపిన మందపాటి పెట్టో మట్టి కట్టో ఉండాలి. ఉట్టి ఇటుక గోడ పెడితే పెల్లెట్ తిరిగి మొహం మీదకి వచ్చుద్ది, కళ్లకి అద్దాలు లేకుండా పేల్చనివ్వొద్దు. సీసం పట్టుకున్న చేత్తో అన్నం తిననివ్వొద్దు. దాని మీద ఇంకా శ్రద్ధ ఉంటే రేంజ్‌కి పంపండి, రైఫిల్ క్లబ్‌లో చేర్చండి. అది ఆట, గౌరవమైన ఆట. దానికి నేను అడ్డం చెప్పను.

నేను అడ్డం చెప్పేది అదే ఎయిర్‌గన్ భుజాన వేసుకుని కాలువ గట్ల మీద కొంగల్నీ గువ్వల్నీ కొట్టుకుంటూ తిరిగేవాళ్లకి. కొట్టి, రెక్క పట్టుకుని వీడియో తీసి పెట్టేవాళ్లకి.

ఒరే అబ్బాయిలూ, మీరు కొడుతున్నది ఎవర్ని? ట్రాక్టర్ దమ్ము చేస్తుంటే వెనకాలే వచ్చి పురుగులు ఏరుకునే కొంగని. తోక చీలి, నల్లగా నిగనిగలాడుతూ గేదె వీపు మీద కూర్చునే పసులపోలిగాణ్ణి. వ్యవసాయ శాఖ వాళ్లు వరి చేలో పక్షులు వాలడానికి కర్రలు పాతమని ఎప్పట్నుంచో చెప్తున్నారు. ఎందుకు? పసులపోలిగాడు ఆ కర్ర మీద కూర్చుని పురుగుల్నీ రెక్కల పురుగుల్నీ పట్టి తింటాడని. నాన్న వెయ్యి రూపాయల పురుగుమందు కొట్టి వచ్చాడు, కొడుకు కూలి అడగని కూలీని పెల్లెట్‌తో కొట్టి వచ్చాడు. ఇదేం సేద్యం?

ఎలుకల సంగతీ అంతే. వరి చేలో ఎలుకని తుపాకితో కొట్టినవాడు ఎవడూ లేడు. వాటికి బుట్టలు పెట్టాలి, పొగ పెట్టాలి, ఎర పెట్టాలి, అదీ ఊరంతా ఒక్కసారే చెయ్యాలి. రాత్రి పూట ఆ పని జీతం లేకుండా చేసేది గుడ్లగూబ. దాన్ని అపశకునమని తుపాకితో కొట్టేవాళ్లున్నారు. తన చేను ఎలుకలకి తనే అప్పజెప్పుకున్నట్టు.

చట్టం సంగతి కూడా వినండి. ఎయిర్‌గన్‌కి లైసెన్సు అక్కర్లేదంటే వేటకి అనుమతి ఉన్నట్టు కాదు. చాలామంది ఇక్కడే పొరపడుతున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, మన పొలాల్లో తిరిగే పిట్టల్లో చాలావాటికి రక్షణ ఉంది. 2022లో చట్టం సవరించాక మామూలు కేసులో మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం. అట్టాంటి అభయారణ్యంలో వేటాడితే కనీసం మూడేళ్లు, ఏడేళ్ల దాకా. పరజల కూర కోసమో, ఒక వీడియో కోసమో కుర్రాడి చదువు, ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నీ పోగొట్టుకుంటారా?

సీసం గురించి ఇంకొక్క ముక్క. పన్నెండు బోరు తోటాలో చిన్న రకం గుండ్లయితే ఒక్కో తోటాకి రెండొందలకి పైగా సీసపు గుండ్లు ఉంటాయి. పిట్టకి తగిలేవి నాలుగైదు, మిగతావన్నీ చేలో. మన దగ్గర కోతలయ్యాక బాతుల మందలు దిగుతాయి. బాతు కందనకాయలో మేత నలగడానికి ఇసక రాళ్లు మింగుద్ది. వాటితో పాటు ఈ గుండు కూడా మింగితే అది లోపలే అరిగి రక్తంలో కలుస్తుంది, బాతు నీరసించి చచ్చుద్ది. అందుకే అమెరికాలో 1991 నుంచి నీటి పక్షుల వేటకి సీసం గుండ్లు నిషేధం. యూరప్ దేశాల కూటమి 2023 ఫిబ్రవరి నుంచి చిత్తడి నేలల్లో సీసం గుండ్లే పేల్చొద్దంది. వేట చట్టబద్ధమైన దేశాలే నీళ్లున్న నేలలో సీసం వద్దంటున్నాయి. మన డెల్టా మొత్తం నీళ్లున్న నేలే కదా.

ఇప్పుడు పందుల దగ్గరికి వద్దాం. అసలు మంట ఇక్కడే ఉందని నాకు తెలుసు.

"నీకేం, పందులు పడని చేను నీది" అని అనకండి. నాది రెండున్నర ఎకరాలు. మొక్కజొన్న కండె పాలు పోసుకునే సమయంలో ఒక్క రాత్రి వచ్చి పావు ఎకరం తొక్కి పోయాయి. తిన్నదానికంటే తొక్కింది ఎక్కువ. చెరుకు వేసినవాళ్ల బాధ ఇంకా ఎక్కువ, లంక భూముల వాళ్లది మరీ ఎక్కువ. ఆ కడుపుమంట నాకూ ఉంది. కానీ కడుపుమంటతో తూటా ఎంచుకోకూడదు.

పందికి పాయింట్ 22 చాలదు. గట్టి చర్మం, భుజం దగ్గర మందపాటి మట్ట, బలమైన ఎముక. ఆ చిన్న తూటా దాన్ని చంపదు, గాయపరుస్తుంది. గాయపడ్డ పంది ఎక్కడికి పోద్ది? చెరుకు తోటలోకి. పొద్దున్నే ఆ తోటలో ఆకు తీయడానికి దిగిన కూలీ దాని ఎదురుపడితే ఆ మనిషి తొడ చీల్చుద్ది. పెద్ద రైఫిలు తూటా అయితే పందిని చంపుద్ది. కానీ తప్పిపోతే, ఒక్కోసారి పందిలోంచి దూసుకుపోయి కూడా, కిలోమీటర్ల దూరం పోద్ది. పన్నెండు బోరులో ఎల్‌జీ, ఎస్‌జీ అనే పెద్ద గుండ్లు ఉంటాయి. అవి అంత దూరం పోవు గానీ వందల మీటర్లు పోతాయి, చెదిరి పోతాయి. దగ్గర్నుంచి కొడితేనే పని. చిన్నదైతే పంది చావదు, పెద్దదైతే మనిషి మిగలడు. మధ్యలో మన సాపు నేలకి సరిపోయే తూటా ఏదో ఒక్కటి చెప్పండి చూద్దాం.

చట్టం రాసినవాళ్లకి కూడా ఈ సంగతి తెలుసు. 1959 ఆయుధాల చట్టంలో పంట రక్షణ కోసం అడిగితే ఇవ్వమన్నది ఏంటో తెలుసా? మూతిలోంచి మందు కూరే పాతకాలం తుపాకి. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే నున్నటి గొట్టం తుపాకి. పంట కాపలాకి రైఫిలు ఇవ్వమని ఆ సెక్షన్లో ఎక్కడా లేదు. పైగా తుపాకి లైసెన్సు వేరు, జంతువుని చంపే అనుమతి వేరు. చేతిలో లైసెన్సున్న తుపాకి ఉన్నా, అడవి పందిని కాల్చాలంటే వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. ఆ అనుమతితో చంపినా ఆ కళేబరం ప్రభుత్వానిది, కూరకి కాదు. పందుల పీడ పేరుతో మాంసం మీద కన్నేసినవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదువుకోండి.

ప్రతి రైతుకీ తుపాకి అంటున్న పెద్దమనుషులకి ఒక ప్రశ్న. గట్టు తగాదాలు మన ఊళ్లల్లో లేవా? నీళ్ల వంతు దగ్గర పార ఎత్తిన రోజులు లేవా? మందు తాగి చేలో పడుకునేవాళ్లు లేరా? పార స్థానంలో తుపాకి ఉన్న ఊరిని ఒక్కసారి ఊహించుకోండి.

అట్టాగని కరెంటు తీగ పెట్టమని నేను చెప్పట్లేదు. అది తుపాకి కంటే నీచం. తుపాకి పేల్చేవాడు కనీసం అక్కడ ఉంటాడు. కరెంటు తీగ పెట్టినవాడు ఇంట్లో నిద్రపోతాడు, అది ఎవరు వస్తే వాళ్లని పట్టుకుంటుంది. పందుల కోసం పెట్టిన తీగకి రైతులు, కూలీలు, తీగ పెట్టినవాడి సొంత ఇంటివాళ్లే బలైన వార్తలు మన రెండు రాష్ట్రాల్లో ఏటా చదువుతూనే ఉన్నాం. నాటు బాంబు కూడా అంతే, పంది కొరికినా పేలుద్ది, మేతకి పోయిన గేదె కొరికినా పేలుద్ది. ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు.

మరి ఏం చెయ్యాలి? చేతులు ముడుచుకుని కూర్చోమనా? కాదు. అడగాల్సింది తూటా కాదు, తూటా పేల్చే పద్ధతి.

2022లో కేరళ ప్రభుత్వం పంట నాశనం చేసే అడవి పందుల్ని కాల్పించే అధికారం స్థానిక సంస్థల అధ్యక్షులకి అప్పజెప్పింది. లైసెన్సున్నవాళ్ల చేతే కాల్పించాలి, విషం, పేలుడు పదార్థం, కరెంటు వాడకూడదని షరతు పెట్టింది. అంతకుముందు 2016లో బీహార్‌లోని మొకామాలో నీల్‌గాయిలు పంటలు నాశనం చేస్తుంటే కాల్చడానికి మన హైదరాబాద్ నుంచే షూటర్లని పిలిపించుకున్నారు. జంతు ప్రేమికులు గొడవ చేశారు, అది వేరే సంగతి. రైతు చేతికి తుపాకి ఇవ్వకుండా, పని తెలిసినవాడిని రప్పించి బాధ్యత ప్రభుత్వం నెత్తిన పెట్టుకున్న పద్ధతి మాత్రం మనం చూడాల్సింది.

మన డెల్టాలో ఆ పద్ధతి ఇట్టా ఉండాలని నా వాదన. ఒకటి, షూటర్ నేల మీద నిలబడి పేల్చకూడదు. మంచె మీద నుంచి, దగ్గరకి వచ్చిన పంది మీదకి కిందకి వాలుగా పేల్చాలి. అప్పుడు తప్పిన తూటా కూడా మన మట్టిలోనే దిగుద్ది. కొండ లేని నేలలో కొండ పని మంచె చేస్తుంది. రెండు, నీళ్లు నిలిచిన చేలో పేల్చకూడదు. మూడు, ఆ రాత్రికి ఏ ఊరి ఆయకట్టులో, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా అన్నది పక్క ఊళ్లల్లో కూడా మైకులో చెప్పించాలి, కూలీలు తెల్లారాకే దిగాలి. నాలుగు, అటవీ శాఖ మనిషి అక్కడ ఉండాలి, గాయపడ్డదాన్ని వెతికి తీరాలి. ఈ నాలుగూ జరిగితే అప్పుడు ఏ తూటా అన్నది ఆ షూటర్ చూసుకుంటాడు, అది వాడి విద్య.

దీనికి మనం చెయ్యాల్సిన పని కూడా ఉంది. పంట పోయిన రోజే ఫొటో తీసి, సర్వే నంబరు రాసి అర్జీ పెట్టాలి. ఒక్కడు పెడితే బుట్టలో పడుద్ది. గ్రామసభలో తీర్మానం చేసి ఊరంతా కలిసి పెడితే ఫైలు కదులుద్ది. అనుమతి వచ్చేదాకా పగ్గాల మీద వదలకుండా కాపలా, సోలార్ కంచె, చేను చుట్టూ కందకం, మొక్కజొన్న చుట్టూ నాలుగు వరసల ఆముదం, ఇవన్నీ వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పినవే. సోలార్ కంచె కూడా నలుగురు కలిసి వేసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. ఒక్కడు వేసుకుంటే పంది పక్కోడి చేలో పడుద్ది, అంతే తేడా.

ఇక్కడిదాకా చదివినవాళ్లు రెండు పనులు చెయ్యండి. మీ ఇంట్లో ఎయిర్‌గన్ ఉంటే ఇవాళే దాని ముందు ఒక మట్టి కట్ట వేయించి, ఆ కట్ట వైపు తప్ప ఇంకెటూ పేల్చకూడదని కుర్రాళ్లతో ఒట్టు వేయించుకోండి. వచ్చే గ్రామసభకి పందుల తీర్మానం కాగితం మీద రాసుకుని రండి, ఉట్టి చేతులతో రావద్దు. అక్కడ ఎవరన్నా లేచి ప్రతి రైతుకీ తుపాకి అంటే, ఒక్క మాట అడగండి: అది తప్పితే ఎక్కడ ఆగుద్ది అయ్యా అని. జవాబు చెప్పగలిగితే అప్పుడు తూటా గురించి మాట్లాడుకుందాం.